ఫలితం మారదని రాసినవాణ్ణి నేనే

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. మా ప్రోగ్రాములో ఒక లోపం ఉందని ఒకరు రాశారు. దానితో పంపిన ఫైలు తెరవకుండానే, పొద్దున టీ తాగుతూ, ఇది లోపం కాదని జవాబు రాసి ఆ ఫిర్యాదును మూసేశాను. అంతటితో ఆగి ఉంటే దాన్ని తొందరపాటు అనవచ్చు. కాని జవాబు రాయడానికి ముందు ఇంకో పని చేశాను. దానికి తొందరపాటు అన్న పేరు పెట్టలేను.

మాది మంథని. ముప్పై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లో ప్రోగ్రాములు రాసి, ఇప్పుడు కరీంనగర్‌లో ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొచ్చేది ఏదైనా రాయమని మా పాత కాలేజీవాళ్లు అడిగారు. నాకు ఏ ఏడు ఏ పదవి వచ్చిందో తెలిసి మీకు ఒరిగేదేమీ లేదు. నేను దేనికి సిగ్గుపడుతున్నానో తెలిస్తే ఉపయోగం ఉండవచ్చు.

ఫరూఖ్ సాబ్ వెంట ఆదిలాబాద్

నా మొదటి బాస్ ఫరూఖ్ సాబ్. ఎవరినీ గద్దించేవాడు కాదు, పొగిడేవాడూ కాదు. అప్పట్లో మేం ఆదిలాబాద్ పత్తి మార్కెట్లో తూకం ప్రోగ్రాము ఒకటి పెట్టాం. పది రోజులకు అక్కడి గుమస్తా ఫోన్ చేశాడు. "సార్, మీ మిషిన్ పొద్దుగాల మంచిగనే ఉంటది, పగటీలికి అలుగుతది" అన్నాడు. మధ్యాహ్నానికి కొన్ని బండ్లను తీసుకోనంటోందట. నేను హైదరాబాద్‌లో నడిపి చూశాను. బాగానే నడిచింది. గుమస్తాకు నొక్కడం చేతకావడం లేదని ఫరూఖ్ సాబ్‌కు చెప్పాను. ఆయన రెండు బస్సు టిక్కెట్లు తెప్పించాడు.

మార్కెట్లో ఆయన పత్తి నింపిన ఒక గోనె బోరెం మీద కూర్చుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బండ్లను చూస్తూనే ఉన్నాడు. దగ్గరి ఊళ్ల రైతులు పొద్దున ఒక బండి దింపి, మళ్లీ ఇంటికి పోయి, అదే బండి మీద రెండో విడత తెస్తున్నారు. ఒక బండి రోజుకు ఒక్కసారే వస్తుందని నేను నా ప్రోగ్రాములో రాసుకున్నాను. ఎవరినీ అడిగి రాసింది కాదు, కుర్చీలో కూర్చుని ఊహించుకున్నది. రెండోసారి వచ్చిన బండి దానికి దొంగబండిలా కనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు నిర్మల్ ఘాటు దగ్గర ఫరూఖ్ సాబ్ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "ఫిర్యాద్ చేసెటోనికి నీకన్న ఒక్కటి ఎక్కువ తెలుసు భాయ్. అది ఆయన చూసిండు, నువ్వు చూడలే. ఆయనదే తప్పు అని ముందుగాల్నే అనుకుంటే ఇగ నీకు కండ్లు కనబడయ్."

ఆ తర్వాత ఇంకో బాస్ కింద పనిచేశాను. వారానికి ఎవరు ఎన్ని ఫిర్యాదులు మూశారో గోడ మీద అంటించేవాడు. మూయడానికి దగ్గరిదారి "ఇది మా లోపం కాదు" అని రాయడం. ఆ విద్య నాకు బాగా అబ్బింది. గోడ మీది కాగితంలో నా పేరు చాలా వారాలు పైనే ఉండేది. ఫరూఖ్ సాబ్ దగ్గర నేర్చుకున్నది మరిచిపోవడానికి నాకు ఏడాది కూడా పట్టలేదు.

ఒక్క సాలు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కంప్యూటర్ పనితో పరిచయం లేనివాళ్ల కోసం కొంచెం విడమర్చి చెబుతాను.

ప్రతి ప్రోగ్రామూ అన్నీ తనే చేసుకోదు. అందరికీ అవసరమయ్యే చిన్న చిన్న పనులను ఎవరో ఒకసారి రాసి పెడతారు, మిగతావాళ్లు వాడుకుంటారు. అలాంటి పనుల మూటనే లైబ్రరీ అంటాం. మాది అలాంటి ఒక లైబ్రరీ. ఎన్నో దేశాల్లో, ఎన్నో రకాల యంత్రాల్లో అది ఉంది. దాన్ని చూసుకునేది ముగ్గురం. జీతం లేదు, గౌరవం మాత్రం ఉంది. ఆ గౌరవమే నన్ను చెడగొట్టింది.

అందులో నేను రాసిన ఒక చిన్న పని ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు వంటి ముక్కలను కలిపి, ప్రోగ్రాము చూపించిన జాగాలో సర్దడం. జాగా నిండితే అక్కడితో ఆపి, చివర ఒక సున్నా పెట్టాలి. ఇక్కడితో అయిపోయింది అని ఆ సున్నా గుర్తు. చిన్న పేర్లకు ఏ ఇబ్బందీ లేదు. పేరు జాగా నిండా వచ్చినప్పుడు మాత్రం నా ప్రోగ్రాము ఆ సున్నాను తన జాగా దాటి, పక్క గడిలో పెట్టేది. ఒకే ఒక్క గడి.

మా బాపు మంథని దగ్గర వరి పండించేవాడు. పక్క పొలం ఆయన దున్నుతూ దున్నుతూ గెట్టు మీంచి ఒక్క నాగటి సాలు ఇవతలికి వచ్చాడని ఇద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఒక్క సాలుకే ఇంత గొడవా అని అప్పుడు నవ్వుకున్నాను. కంప్యూటర్ మెమరీలో కూడా పక్క గడి ఖాళీ భూమి కాదు. అక్కడ ఇంకొకరి పంట ఉంటుంది.

ఆ రోజు

ఫిర్యాదు పంపినవారి పేరు ఇంగ్లిషులో ఎస్. దుర్గం అని ఉంది. ఆడవారో మగవారో, ఏ ఊరివారో నేను చూడలేదు. విషయం మాత్రం చాలా శుభ్రంగా రాసి ఉంది. తన ప్రోగ్రాములో పేరు పక్క గడిలో రక్తపరీక్ష ఫలితం ఉంటుంది. పొడుగు పేరు వచ్చినప్పుడు మీ సున్నా వచ్చి ఆ ఫలితం మీద పడుతోంది. నా లెక్కలో సున్నా అంటే "లేదు" అని. "ఉంది" అని రావలసిన కాగితం మీద "లేదు" అని అచ్చవుతోంది. మీ వివరణ పేజీలో ఇచ్చిన ఉదాహరణనే నేను యథాతథంగా వాడాను. నా ప్రోగ్రామును దీనితో పంపుతున్నాను, చూడగలరు. ఇదీ ఫిర్యాదు.

నేను పంపినది చూడలేదు. వివరణ పేజీ మాత్రం తెరిచాను. ఆ ఉదాహరణ ఎప్పుడో నేనే రాసినది. సున్నా కోసం ఒక గడి ఎక్కువ ఉంచుకోవాలని అందులో ఎక్కడా లేదు. పైగా నేనిచ్చిన ఉదాహరణలోనే ఆ గడి లేదు. తప్పు నాదేనని చూడగానే తెలిసింది.

అప్పుడు చేశాను ఆ పని. ఉదాహరణను సరిచేసి, "జాగాను ఎప్పుడూ ఒక గడి ఎక్కువగా ఇవ్వవలెను" అని ఒక వాక్యం చేర్చి, పేజీని సేవ్ చేశాను. దాని తర్వాత జవాబు రాశాను. మా వివరణ పేజీలో ఈ సంగతి స్పష్టంగా ఉంది, దయచేసి చదవండి అని. అక్కడితో కూడా ఆగలేదు. నా కంప్యూటర్లో రెండు నిమిషాలు ఏదో నడిపి చూసి, ఆ ఒక్క సున్నా ఎలాగూ ఖాళీ జాగాలోనే పడుతుంది, కాబట్టి ఫలితం మారదు అని కూడా రాశాను. నా కంప్యూటర్లో పక్క గడి ఖాళీగానే ఉంది. ఫిర్యాదు పంపినవారి ప్రోగ్రాములో లేదు. వారు పంపిన ఫైలు తెరిచి ఉంటే అది మొదటి పేజీలోనే కనిపించేది.

ఇలాంటి లోపాలను లోకానికి తెలియజేసే ఒక జాబితా ఉంటుంది. ఎవరో దీన్ని అందులోకి ఎక్కించారు. వెంటనే నేను వాళ్లకు రాసి, దీనిని లోపంగా మేం ఒప్పుకోవడం లేదు అని పక్కన ముద్ర వేయించాను. వివాదాస్పదం అన్నమాట. ఆ ముద్ర చూసినవాళ్లు ఎవరూ తమ యంత్రాలను సరిచేసుకునే శ్రమ పడరు. అది నాకు తెలుసు.

జవాబు రాయని ఉత్తరం

పదిరోజుల తర్వాత నాకు విడిగా ఒక మెయిల్ వచ్చింది, తెలుగులో.

"సార్, నమస్తే. మీ ఇంటిపేరు చూస్తే మన దిక్కోళ్లే అనిపించి రాస్తున్న. నా పేరు సునంద. మాది కాగజ్‌నగర్. ఈడ ఒక చిన్న దవాఖానల కంప్యూటర్ పని చేస్త. మా సెక్రటరీ సారు మీ జవాబు ప్రింట్ తీసి నా ముందట పెట్టిండు. ఫలితం మారదని వాళ్లే రాసిండ్రు, అంటే నువ్వే తప్పు కొట్టినవ్ గదా అంటుండు. నా నౌకరి సంగతి పక్కకు పెట్టుండ్రి. ఇట్ల అయ్యే వీలున్నదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి. అది చూపెడితే పొడుగు పేర్లోళ్లందరినీ పిలిచి మళ్ల రక్తం చూస్తరు. లేకుంటే పిలువరు."

ఆ పరీక్ష సికిల్ సెల్ జబ్బుకు. అది రక్తంలో వంశం వెంట వచ్చేది. ఆదిలాబాద్ గూడేల్లో ఎక్కువ. దాని గుణం ఒంట్లో ఉన్న మనిషి పైకి బాగానే ఉండవచ్చు. కాని భార్యాభర్తలిద్దరిలోనూ ఆ గుణం ఉంటే పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం ఉంది. అందుకే ఆ వైపు సంబంధం కుదుర్చుకునే ముందు ఈ కాగితం చూసుకునేవాళ్లు ఉన్నారు. ల్యాబువాళ్లు ఫలితాన్ని చిన్న చీటీ మీద రాసిస్తే సునంద కంప్యూటర్లో ఎక్కించేది. చీటీలు వారం తిరిగేసరికి చెత్తలోకి పోయేవి. కాబట్టి తప్పు కాగితాలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలియాలంటే మళ్లీ రక్తం తీయడం తప్ప దారి లేదు. ఆమె తన ప్రోగ్రామును ఆ వారమే సరిచేసుకుంది. అప్పటికే ఇచ్చేసిన కాగితాల కోసమే ఆమె వెంటపడుతున్నది.

ఉత్తరం మూడుసార్లు చదివాను. జవాబు రాయలేదు. వీలుందని రాస్తే మొదటి జవాబు తప్పని ఒప్పుకోవాలి. అది ఒప్పుకుంటే వివరణ పేజీ సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. ఒక అబద్ధాన్ని కాపాడుకోవడానికి ఆ ఉత్తరాన్ని పక్కన పెట్టాను. పనిలో మునిగి మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. ఆ తర్వాత నెలల తరబడి, పొడుగు పేరు ఎక్కడ చూసినా గుర్తుకొచ్చేది.

మేధ అడిగిన ప్రశ్న

ఉద్యోగం వదిలి కరీంనగర్ వచ్చేశాక కూడా ఆ లైబ్రరీ పని కొంత చూస్తూనే ఉన్నాను. మా ముగ్గురిలో అందరికన్నా చిన్నది మేధ, పుణె అమ్మాయి. ఇంకో దేశంలో ఎవరికో ఇదే లోపం వేరే యంత్రంలో ఎదురైంది. మేధ పాత ఫిర్యాదులు తిరగేసింది. పేజీలో ఎవరు ఏ గంటకు ఏం మార్చారో అంతా నమోదై ఉంటుంది. నాకు ఆ సంగతి తెలియక కాదు, ఎవరూ చూడరని ధీమా.

ఆమె ఫోన్ చేసి మర్యాదగానే అడిగింది. ఒక గడి ఎక్కువ ఇవ్వాలన్న వాక్యం ఫిర్యాదు రాకముందే ఉందా అని. నేను కొంచెం స్పష్టత కోసం చేర్చానన్నాను. జవాబు రాయడానికి ఎంత ముందు అని అడిగింది. నేను మాట దాటేయబోయాను. చివరికి, "దీన్ని నేను బయట పెట్టను సార్. మీరే పెడతారని అనుకుంటాను" అని ఫోన్ పెట్టేసింది.

అన్నం సరిగా తినడం లేదని నా భార్య విజయ గమనించింది. మొత్తం చెప్పాను. కొండగట్టుకు పోయివద్దామా, మనసు కొంచెం కుదుటపడుతుందేమో అని నేనే అన్నాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు చూసింది.

"దేవునికి చెప్పుడు అల్కనే. ఆ పిల్లకు చెప్పు" అంది.

ఆ మధ్యాహ్నమే కూర్చుని, జరిగింది జరిగినట్టు ఆ పాత ఫిర్యాదు పైనే రాశాను. లోపం మాదే, ఉదాహరణ నాదే, ఫిర్యాదు చూశాక పేజీ మార్చి తర్వాత జవాబు రాసింది నేనే, ఫలితం మారుతుంది అని. జాబితాలో వేయించిన ముద్రను తీసేయమని రాశాను. మేధ లోపాన్ని సరిచేసింది. మూడు వరుసలు సరిపోయాయి.

కాగజ్‌నగర్‌లో

నేను పోయేసరికి సునంద దవాఖానలో లేదు. నా జవాబు వచ్చిన నెలకే మాన్పించారట. బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ షాపులో పనిచేస్తోందని చెప్పారు. వాళ్ల నాన్న పేపరు మిల్లులో పనిచేసి, మిల్లు మూతబడ్డప్పుడు రోడ్డున పడ్డాడు. ఇంట్లో జీతం తెచ్చేది ఈమె ఒక్కతే. ఇవన్నీ తర్వాత తెలిశాయి.

నా పేరు చెప్పాను. ఆమె చేతిలోని కాగితాలు గిరాకీకి ఇచ్చింది. తర్వాత స్టూలు చూపించి, "కూసోండ్రి" అంది.

పేజీ మార్చిన సంగతి మొదలుపెట్టబోయాను.

"అది నాకు ఎరుకే సార్" అంది. "పాత పేజీ నా దగ్గర ప్రింటున్నది. సెక్రటరీ సారుకు చూపెట్టిన. నువ్వే తయారు చేసినవ్ అన్నడు."

మరి అప్పుడే అందరికీ తెలిసేలా రాయవలసింది కదమ్మా అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అనగానే తెలిసింది.

"చూసిన సార్. మీరు మూసిన ఫిర్యాదు కిందనే రాద్దామని పోయిన. మీరు దానికి తాళం ఏసిండ్రు."

నిజమే. ఇంకెవరూ కింద రాయకుండా తాళం వేసింది నేనే. నాకు అలవాటైన పని కాబట్టి అది గుర్తు కూడా లేదు. క్షమించమని అడగడానికి వచ్చానన్నాను. ఆమె యంత్రం మూత దించింది.

"నన్నెందుకు సార్ అడుగుడు. నాకు గీ షాపన్న దొరికింది. లేదని రాసిన కాయిదం పట్టుకొని ఇంటికి పోయినోళ్లున్నరు. ముందుగాల వాళ్ల తానకు పోదాం నడువుండ్రి."

ఇద్దరం దవాఖానకు పోయాం. సెక్రటరీ పెద్ద మనిషి. మళ్లీ అందరినీ పిలిస్తే జనం మమ్మల్ని నమ్మరని ఆయన భయం. నాకూ ఒకప్పుడు అదే భయం ఉండేది కాబట్టి ఆయనను తప్పు పట్టలేకపోయాను. నేను రాసింది చదివి వినిపించి, సంతకం చేసి ఇచ్చాను. తప్పు కొట్టింది సునంద కాదు, నేను అని ఆయన ముందు, ల్యాబువాళ్ల ముందు చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని మళ్లీ చదివి, ల్యాబు మనిషిని మాతో పంపడానికి ఒప్పుకున్నాడు. సునందకు ఉద్యోగం మళ్లీ ఇస్తానన్నాడు. "ముందుగాల పొడుగు పేర్లోళ్ల జాబితా ఒడువనీ సార్" అంది, అది పూర్తయ్యాకే ఉద్యోగం మాట అన్నట్టు.

జాబితాలో పదిహేడు పేర్లు తేలాయి. ఇంటిపేరు, చర్చి పేరు, తండ్రి పేరు కలిసిన మిషన్ కుటుంబాలవాళ్లు కొందరు, పొడుగాటి ఊరి పేర్లవాళ్లు కొందరు.

మొదటి ఇల్లు భీంబాయిది. ఆమె కోడలి పేరు జాబితాలో ఉంది. సునంద విషయం చెబుతుంటే భీంబాయి పత్తి గింజ తీస్తూ విన్నది. అంతా అయ్యాక, ఎవరు చేసిండ్రు గిది అని అడిగింది. సునంద జవాబు నాకే వదిలేసింది. కంప్యూటర్ చేసిందని చెప్పే వీలు నాకింకా ఉంది. నేనే చేశానని చెప్పాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మరి గీసారి కాయిదం మీద నీ పేరు రాసిపో. మళ్ల తప్పయితే ఎవల్ని అడుగాలె?"

కోడలి రక్తపరీక్ష కాగితం వచ్చాక దాని వెనక నా పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసి ఇచ్చాను. మిగిలిన పదహారింటి మీదా రాశాను. కొందరు తిట్టారు. ఒకతను రక్తం ఇవ్వనన్నాడు. మూడోసారి పోతే ఇచ్చాడు. పదిహేడు మందిలో అయిదుగురికి "ఉంది" అని వచ్చింది. వాళ్లలో ఒకమ్మాయికి ఆ పాత కాగితం చూసే పెళ్లి కుదిరి, అయిపోయింది కూడా. నా జవాబుకూ ఆమె పెళ్లికీ మధ్య నాలుగు నెలలు. ఆ ఒక్క ముక్క నేను రాసి ఉంటే ఆమెకు ముందే తెలిసేది.

ఆ అమ్మాయి ఒక పొద్దున ఫోన్ చేసింది. కాయిదం మీద పేరున్న సారు మీరేనా అని అడిగింది. అవునన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. తన భర్త సెలవు మీద దుబాయి నుంచి వచ్చాడని, అతనికి కూడా పరీక్ష చేయించాలని, ఏ రోజు రావాలో చెప్పమని అడిగింది. చెప్పి, ఆ రోజు నేనూ పోయాను. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

అతని కాగితం "లేదు" అని వచ్చింది. మళ్లీ దవాఖాన పనిలో చేరిన సునంద దాన్ని వాళ్లకు ఇవ్వలేదు. నాకూ ఇవ్వలేదు. ల్యాబుకు పోయి మళ్లీ ఒకసారి చేయమంది. ఇంకో గంట కూర్చున్నాం. రెండోసారి కూడా అదే వచ్చాక బయటికి వచ్చి వాళ్లకు చదివి వినిపించింది. ఆ అమ్మాయి కాగితాన్ని తిప్పి, వెనక వైపు ఖాళీగా ఉండటం చూసి, పెన్ను కోసం నా వైపు చెయ్యి చాచింది. పెన్ను తీసి, నా పేరు నేనే రాశాను.